ఎండుచేపల బుట్ట, మాస్టారి లాబ్

మొన్న శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్తున్నాను, పల్లెవెలుగు బస్సులో. మాస్టారి సంవత్సరీకం. పూసపాటిరేగ దగ్గర ఒకావిడ ఎండుచేపల బుట్టతో ఎక్కింది. చింతపల్లి తీరం నుంచి వచ్చినట్టుంది, చీర అంచుకి ఇసక ఇంకా అంటుకునే ఉంది. బుట్ట మీద గోనెపట్టా కప్పి తాడు బిగించి, తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. పక్క సీట్లో కుర్రాడు కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

"నటవలస దాకేనమ్మా, దిగిపోతాను. ఏటనుకోకు" అంది నాతో.

ఏమనుకుంటాను? నేను కిటికీ అద్దం కూడా జరపలేదు. ఆ వాసన పీల్చుకుంటూ కూర్చున్నాను. అది నాకు చేపల వాసన కాదు. మాస్టారి లాబ్‌లో, కిటికీ పక్క అలమరలో, గోధుమరంగు సీసాలో ఉండే డైఇథైల్ ఎమీన్ వాసన. చేప నిలవయ్యేకొద్దీ అందులోంచి వచ్చేది ట్రైమిథైల్ ఎమీన్. రెండూ ఒక తల్లి పిల్లలే. మూడేళ్ళు ఆ వాసనలోనే పని చేశాను. ఒంటికి పట్టిందంటే సున్నిపిండితో రుద్దినా వదిలేది కాదు.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ వీధి గుమ్మంలోనే ఆపేసేది. "ఏటే ఆ కంపు! చదువుకోడానికి వెళ్తున్నావా, చేపలమ్మడానికి వెళ్తున్నావా? ముందు నూతి దగ్గరికి నడు" అనేది. ఆ బట్టలు వేరే తీగ మీద ఆరేవి. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, నాకు సీటు ఎప్పుడూ ఖాళీగానే దొరికేది.

* * *

మాస్టారు పువ్వుల మనిషి. అంటే మొదట్లో. విజయనగరం మహారాజావారి కాలేజీలో చదివి, వాల్తేరులో రీసెర్చి చేశారు. తిరువెంగడం రాజేంద్రం శేషాద్రి గారు 1949లో ఢిల్లీ వెళ్ళిపోయినా, ఆంధ్రా యూనివర్సిటీ కెమిస్ట్రీలో ఆయన వేసిన దారి అలాగే ఉండేది. ఆకులు, బెరళ్ళు, పూరేకులు ఎండబెట్టి, స్పిరిట్లో నానబెట్టి, వాటిలో రంగునిచ్చే పదార్థాలు విడదీసి, నిర్మాణం తేల్చడం. మాస్టారి మొదటి పేపర్లన్నీ అవే. మంచి పేరు కూడా వచ్చింది.

తరవాత ఉద్యోగం మీద విజయనగరం వచ్చి ఒక్కసారిగా దారి మార్చేశారు. వాల్తేరు మిత్రులు చాలామంది ఒద్దన్నారట. ఎందుకు మార్చారని నేనొకసారి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు: "మన ఊళ్ళల్లో ఇంటికో కాలు ఉందమ్మా. నేను పువ్వుల రంగులు చూస్తూ ఎలా కూర్చోను?"

ఇంటికో కాలు. ఈ మాట మా వైపు వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. బోదకాలు.

* * *

మా ఇంట్లో కాలు మా మామ్మది. ఎడమకాలు, మోకాలి కింద నుంచి స్తంభంలా ఉండేది. చర్మం గరుకుగా, చింతచెట్టు బెరడులా. అమావాస్యకీ పున్నానికీ బోద జ్వరం వస్తుందని ఊళ్ళో అందరి నమ్మకం. గజ్జల్లో బిళ్ళ కట్టేది, చలి వచ్చి వణికిపోయేది, మేం దుప్పట్ల మీద దుప్పట్లు కప్పేవాళ్ళం. తగ్గిన మర్నాడు మళ్ళీ లేచి చోడి అంబలి కాచేది. రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్ళతో కాలు కడుక్కుని, వేళ్ళ సందులు పాత పంచె ముక్కతో ఒత్తి ఒత్తి తుడుచుకునేది. ఎవరైనా ఇంటికొస్తే చీర కిందికి లాక్కునేది. ఆ లాక్కోవడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

రాత్రిపూట రక్తం తీసేవాళ్ళు వచ్చేవారు. అన్నాలు తిని అరుగుల మీద నడుం వాల్చే వేళకి వీధి మొదట్లో పెట్రొమాక్సు వెలుగు కనిపించేది. దాని బుస్సుమనే చప్పుడు వినగానే పిల్లలం ధాన్యం గాదె వెనక దాక్కునేవాళ్ళం. ఇద్దరు మనుషులు, ఒక చెక్కపెట్టె, అందులో గాజు పలకలు. స్పిరిట్ దూదితో ఉంగరం వేలు తుడిచేవారు. చల్లగా ఉండేది. ఆ చల్లదనం వెనకే చురుక్కుమని సూది. పలక మీద రక్తం చుక్కలు పెట్టి, సూదితోనే గుండ్రంగా పులిమి, పేరు రాసుకుని వెళ్ళిపోయేవారు.

"పగలు రాకూడదేటి? దొంగల్లాగ రాత్రి రావడమేటి?" అని మామ్మ గొణుక్కునేది. జవాబు నాకు ఎం.ఎస్సీ.లో గాని తెలీలేదు. బోదపురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల సన్న నాళాల్లో దాక్కుని, రాత్రి పొద్దుపోయాక చర్మం కిందికి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది ఆ వేళకే. పగలు రక్తం తీస్తే పలక మీద ఏమీ కనిపించదు. 1955లో దేశమంతటా ఫైలేరియా, అంటే బోదకాలు, నివారణ కార్యక్రమం మొదలైన దగ్గర్నుంచి మన ఊళ్ళల్లో ఎందరో మనుషులు నిద్ర మానుకుని ఈ పని చేశారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

పురుగు కనిపించిన ఇంటికి మాత్రలొచ్చేవి. పన్నెండు రోజులు వరసగా. మొదటి మాత్ర వేసుకున్న రాత్రే కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళు విరుపులు. మాత్ర విషమనుకుని సగం ఊరు పెంటకుప్పలో పారేసింది. మాత్రకి పురుగులు చస్తుంటేనే ఆ జ్వరం వస్తుందని, వచ్చిందంటే మందు పట్టినట్టేనని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే పారేసేవారు కాదు. మా మామ్మ మాత్రం పన్నెండూ మింగింది. కాలు తగ్గలేదు. ఒకసారి అలా ముదిరిన కాలిని ఆ మాత్ర వెనక్కి తీసుకురాలేదు. కానీ మింగినవాళ్ళ రక్తంలో పురుగు పిల్లలు తగ్గిపోతే, వాళ్ళని కుట్టిన దోమ ఇంకొకరికి అంటించలేదు. మామ్మ మింగింది మాకోసమన్నమాట. అది ఆవిడకి తెలీదు.

* * *

మాస్టారు మొదటి రోజు నల్లబల్ల మీద ఆరు మూలల గది ఒకటి గీశారు. ఎదురెదురు మూలల్లో రెండు నైట్రోజన్లు పెట్టారు.

"ఇది పిపరజీన్. ఇల్లనుకో. ఇది వీధి గుమ్మం, ఇది పెరటి గుమ్మం." వీధి గుమ్మంలో ఒక మిథైల్ నిలబెట్టారు. పెరటి గుమ్మంలో కార్బొనిల్, దాని చెయ్యి పట్టుకుని డైఇథైల్ ఎమీన్. "ఇదేనమ్మా మీ మామ్మ మింగిన మాత్ర. డైఇథైల్ కార్బమజీన్. ఇంత చిన్నది."

నేను కాసేపు బల్ల మీది బొమ్మనే చూస్తూ ఉండిపోయాను. మా పెంకుటింట్లో గూట్లో పొట్లం కట్టి ఉన్న మాత్రకి ఇలాంటి రూపం ఒకటి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

మా పనంతా ఆ రెండు గుమ్మాల్లో మనుషుల్ని మార్చడమే. మిథైల్ తీసి ఇంకోటి పెట్టడం, డైఇథైల్ ఎమీన్ బదులు పిరోలిడీన్, మార్ఫొలీన్ లాంటివి తగిలించడం. వచ్చినవి చాలామటుకు జిడ్డుగా, నూనెలా ఉండేవి. సిట్రిక్ యాసిడ్‌తో లవణం చేస్తే తెల్లటి పొడి అయ్యేవి. అసలు మాత్ర కూడా సిట్రేటే.

చెప్పడానికి రెండు వాక్యాలు. చెయ్యడానికి నెలలు. మిథైల్ పిపరజీన్ పరదేశం నుంచి రావాలి. ఇండెంటు పెడితే ఎన్ని నెలలకొస్తుందో తెలీదు. చిన్న సీసా వచ్చిన రోజు పండగలాగుండేది. మాస్టారు దాన్ని బీరువాలో తాళం వేసి, డ్రాపర్‌తో లెక్కపెట్టి ఇచ్చేవారు.

మంచు ఇంకో కథ. ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ కొని, రంపపు పొట్టు అద్ది, గోనెలో చుట్టి, సైకిల్ వెనక కట్టుకుని మా అటెండరు బాబాయి తెచ్చేవాడు. వేసవిలో అయితే వచ్చేసరికి మూడోవంతు దారిలోనే కారిపోయేది. దాన్ని గోనెలోనే రోకలిబండతో పొడిచి, గళ్ళుప్పు కలిపి, ఆ గిన్నెలో ఫ్లాస్కు పెట్టేవాళ్ళం. "ఉప్పు ఇంకో గుప్పెడెయ్యమ్మా, సున్నా కిందికి దిగాలి" అనేవాడు బాబాయి. థర్మామీటరు చూడకుండా గిన్నె బయట పట్టిన మంచుపొర చూసి చెప్పేవాడు. తప్పేది కాదు.

కుళాయి నీళ్ళు పొద్దున రెండు గంటలే. ఆవిరిని చల్లార్చే కండెన్సరు రోజంతా చల్లగా ఉండాలి. అందుకని అలమర పైన పెద్ద కుండ, కింద బకెట్టు, మధ్యలో రబ్బరు గొట్టం. కింద నిండినవి మళ్ళీ పైకి ఎత్తి పోసేవాళ్ళం. ఒకరోజు నేను తిండికి వెళ్ళి ఆలస్యంగా వచ్చాను. కుండ ఖాళీ అయిపోయింది. ద్రావకం ఆవిరైపోయి ఫ్లాస్కు అడుగున నల్లటి మాడు మిగిలింది. రెండు వారాల పని. ఏడుస్తూ నిలబడ్డాను. మాస్టారు వచ్చి ఫ్లాస్కు ఎత్తి వెలుతురులో చూసి, "పగల్లేదు. ఫ్లాస్కు దక్కింది" అని, గీకి కడగడానికి తనే కూర్చున్నారు.

* * *

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది మెల్టింగ్ పాయింటు చూడటం. వెంట్రుకంత గాజు గొట్టంలో పొడి వేసి, బల్లకేసి మెల్లగా తట్టి కిందికి దింపి, దారంతో థర్మామీటరుకి కట్టి, లిక్విడ్ పారఫిన్లో ముంచి, కింద బున్సెన్ మంట. కిటికీ మూసేసేవాళ్ళం, గాలికి మంట కదలకూడదు. మాస్టారు పక్కన నిలబడి ఒకటే చెప్పేవారు: "రెప్ప వెయ్యకు."

పొడి చాలాసేపు కదలకుండా ఉంటుంది. తరవాత గోడ వదిలి కొంచెం ముడుచుకుంటుంది, తడిసిన చీమలా. ఇంకో అర డిగ్రీకి అంచు మెరుస్తుంది. అంతే, కన్ను మూసి తెరిచేలోగా అంతా నీటిచుక్క. అలా ఒక్కసారిగా కరిగితే స్వచ్ఛమైనది. నీళ్ళు నమిలినట్టు నాలుగైదు డిగ్రీల పాటు కరిగితే మళ్ళీ మొదటికి.

స్వచ్ఛమైనవాటిని చిన్న సీసాల్లో వేసి, మూతకి లక్క కరిగించి పోసి, నంబరు రాసి, దూదిలో పెట్టి రిజిస్టర్డ్ పార్శిలు కట్టేవాళ్ళం. లక్నోకి. 1951లో ఛత్తర్ మంజిల్ అనే నవాబుల భవనంలో తెరిచిన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ. అక్కడ కాటన్ ర్యాట్లనే ఎలుకలకి ఒక రకం ఫైలేరియా పురుగు ఎక్కించి, మందు ఇచ్చి, రక్తంలో పిల్లల లెక్క తగ్గిందా లేదా అని చూసేవారు.

ఎలుకలెందుకు, పురుగుల్ని గాజు గొట్టంలో వేసి మందు పోస్తే చాలదా అని అడిగాను. చాలదు. ఈ మాత్రలో వింత అదే. గొట్టంలో పురుగు మీద పోస్తే దానికి పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి వెళ్తేనే, ఒళ్ళు కూడా చెయ్యి కలిపితేనే చస్తుంది. అది ఎలా జరుగుతుందో పూర్తిగా తేలలేదు, ఇప్పటికీ వాదనలున్నాయి. అందుకే మాస్టారికి దానిమీద అంత పట్టు.

మూడేళ్ళలో నేనూ, నాకు ముందున్నవాళ్ళూ కలిసి చేసినవి ముప్పై నాలుగు. లక్నో నుంచి కార్డులొచ్చాయి. పని చెయ్యదు. పని చెయ్యదు. పని చెయ్యదు. ఒక్కటి మాత్రం కొంచెం తగ్గించింది, కానీ ఎలుకలు తట్టుకోలేకపోయాయి.

నాకు ఆ రోజుల్లో చాలా టెన్షన్‌గా ఉండేది. థీసిస్ ఏమవుతుంది? మాస్టారు ముప్పై నాలుగూ వరసగా పట్టిక గీసి, మెల్టింగ్ పాయింట్ల ప్రతి అంకె సరిచూసి, ఇండియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీకి పంపించారు. "పని చెయ్యనివని దాచుకుంటే, ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల మంచుగడ్డ మోయించి మళ్ళీ ఇవే చేస్తుంది" అన్నారు.

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలీలేదు.

* * *

సాయంత్రం టీలప్పుడు మాస్టారు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పేవారు. సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెప్పేవారు. 1895లో భీమవరంలో పుట్టినాయన. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు పూర్తి డిగ్రీ ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. 1923లో బోస్టన్ వెళ్ళి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ చదివారు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, నీలం రంగుని బట్టి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ నీలం రంగు మేం ప్రాక్టికల్స్‌లో ఎన్నిసార్లు చూశామో! ప్రపంచంలో ఎక్కువ మంది ఉటంకించిన పేపర్లలో అదొకటి. పుస్తకంలో "ఫిస్క్–సుబ్బారావ్" అని చదివి, ఎవరో బొంబాయి ఆయన అనుకునేవాళ్ళం.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకి వెళ్ళాక ఇంక ఆగలేదు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన స్ప్రూకి అదే మందయింది. దాన్ని కొంచెం మార్చి చేసిన అమినాప్టెరిన్‌ని 1947 చివర్లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చారు. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్. మా అప్ప కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర అదే.

1947లో వచ్చిన హెట్రజాన్ మా మామ్మ మాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకి ఫైలేరియా అంటుకోవడంతో ఆ పని వేగం అందుకుంది. మాస్టారు ఆ మందు గురించిన పేపరుని మద్రాసు లైబ్రరీలో కూర్చుని నోటుబుక్‌లోకి మొత్తం చేత్తో రాసుకొచ్చారు. పట్టికలతో సహా. ఆరుగురి పేర్లు. "చివరి పేరు చూడమ్మా" అని వేలు పెట్టి చూపించేవారు. ఆ మరుసటి ఏడే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలోనే పోయారు. యాభై మూడేళ్ళు. "మన జిల్లాల్లో ఆయన మందు మింగని ఊరు లేదు. ఆయన పేరు తెలిసిన ఊరూ లేదు" అనేవారు మాస్టారు. అప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

* * *

విజయనగరంలో దిగి, మూడు లాంతర్లు దాటి వెళ్ళాను. మాస్టారి ఇల్లు అలాగే ఉంది. భోజనాలయ్యాక అమ్మగారు, మాస్టారి భార్య, నన్ను లోపలికి పిలిచి ఒక బాటా అట్టపెట్టె చేతిలో పెట్టారు. "ఇవేవో నీ పని తాలూకువమ్మా. పిల్లలు పారేస్తామన్నారు. నేనివ్వలేదు."

నిండా కార్డులు. రీప్రింటు పంపమని అడిగే కార్డులు. ఇప్పటి పిల్లలకి ఇవి తెలీవు. నెట్ లేని రోజుల్లో ఎక్కడో పేపరు శీర్షిక చూసినవాళ్ళు, ఒక కాపీ దయచేసి పంపండని అచ్చు కార్డు మీద మన పేపరు పేరు టైపు చేసి పంపేవారు. పోలండ్, చెకోస్లొవేకియా, తూర్పు జర్మనీ, బ్రెజిల్. సగం దేశాలు ఇప్పుడు లేవు. స్టాంపులున్న చోటల్లా చతురస్రంగా కత్తిరించి ఉంది, పిల్లల కోసం. ప్రతి కార్డు మూలా ఎర్ర సిరాతో "పంపితిని" అని, తారీఖు. పోస్టేజీ ఆయన జీతంలోంచే.

నేల మీద కూర్చుని విడదీశాను. పువ్వుల రంగుల పేపర్లకి వచ్చినవి ఒక గుట్ట. అవి ఎక్కువుంటాయని నాకు తెలుసు. కానీ రెండో గుట్ట దానికి సమంగా లేచింది. పని చెయ్యని ముప్పై నాలుగింటికి. ఒక కార్డు మీద అచ్చు అక్షరాల కింద ఎవరో చేత్తో ఇంగ్లీషులో రాశారు, మీ పట్టికలో పదిహేడోది మేం మొదలుపెట్టబోయాం, ఆగాం, ధన్యవాదాలు అని. పదిహేడోది నాది. మాడిపోయిన ఫ్లాస్కు తరవాత మళ్ళీ చేసింది.

అమ్మగారు కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "ఏమ్మా, పనికొచ్చేవేనా?" అన్నారు. తలూపాను. గొంతు పెగల్లేదు.

పెట్టె అడుగున నోటుబుక్ ఉంది. చివరి పేజీలో ఆరు మూలల గది, రెండు గుమ్మాలు, పక్కన ముప్పై ఐదు అని అంకె. దానికెదురుగా ఏమీ రాసి లేదు. నాకు గుర్తొచ్చింది. మిథైల్ పిపరజీన్ సీసా అయిపోయింది, కొత్తదానికి ఇండెంటు పెట్టారు. డబ్బిచ్చే చోట ఫైలు ఎక్కడో ఆగిపోయింది. ఈలోగా ఆయన రిటైరయ్యారు.

* * *

తిరుగు బస్సు పైడిభీమవరం దాటుతుంటే చీకటి పడింది. మందుల ఫ్యాక్టరీల దీపాలు వరసగా వెలుగుతున్నాయి. మా రోజుల్లో ఇక్కడ జీడితోటలు, సరుగుడు తోటలే. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు అక్కడ షిఫ్టులు చేస్తున్నారు. అందులో ఒకడికి ఫోన్ చేశాను.

"మిథైల్ పిపరజీన్ దొరుకుతుందా నాన్నా?"

"ఎందుకు దొరకదు మేడమ్? ఓఫ్లాక్సాసిన్ లాంటి వాటిలో అదే కదా. మాకు డ్రమ్ముల్లో వస్తుంది. మీకెంత కావాలి?"

"పది గ్రాములు."

అవతల కాసేపు చప్పుడు లేదు. సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. పైవాళ్ళ పర్మిషన్ తీసుకుని సోమవారం చెప్తానన్నాడు.